ఆరో క్రోమోజోము, పొట్టి చేయి

పెదజాలరిపేట ఇసకలో, పడవ నీడన
బల్ల వేసుకుని కూర్చున్నాను.
ఐదు మిల్లీలీటర్లు, ఊదా మూత గొట్టం,
సంతకమో వేలిముద్రో.
ఫారంలో పదకొండు గడులు.
ఏడో గడి దగ్గర నా పెన్ను ప్రతిసారీ కొంచెం ఆగేది:
కులం.

తెడ్డు కొర్లమ్మ చెయ్యి చాపింది.
ఉప్పు తాగి తాగి మందమెక్కిన తోలు,
నరం దొరకడానికి మూడుసార్లు తట్టాను.
"ఏటి సూత్తావు బావూ ఇందల?"
పాత జబ్బుల గుర్తులన్నాను.
"మాయమ్మ తొమ్మండుగుర్ని కంది.
అమ్మోరు ముగ్గుర్ని ఒట్టుకుపోనాది, కలరా ఇద్దర్ని.
నలుగురం మిగిలినాం.
ఆ మిగిల్చిందేదో,
అదేనా నువ్వు ఎతుకుతన్నావు?"

ఆరేళ్ళ చదువులో ఏ ప్రొఫెసరూ
ఇంత పొట్టిగా చెప్పలేదు.

వెళ్ళబోతూ నా ఐస్ పెట్టె మూత తీసి నవ్వింది.
"మంచు పైనేనా? అడుగునెయ్యాల ముందు."
గొట్టాలన్నీ బయటికి తీయించి
కానాగంతలు పేర్చినట్టు తనే పేర్చింది.

కేజీహెచ్ డౌన్‌లో, మందుల కొట్ల వెనక
మెట్లు దిగితే మా గది.
తాళం కప్పలు ఏడాదికోసారి తుప్పుతో చచ్చిపోతాయి.
మైనస్ ఎనభై దగ్గర
కొర్లమ్మ గొట్టం పక్కనే
ముంచంగిపుట్టు నుంచి ఘాట్ దిగొచ్చిన
పాంగి లైకోను గొట్టం, నూట పదిహేడు.

ప్రతి కణమూ గుమ్మంలో నిలబడి
లోపల దొరికిన ముక్కని
అరచేతి గుంటలో పెట్టి చూపిస్తుంది:
ఇది మనదా, కాదా.
ఆ అరచేయి ఒక్కొక్కరికి ఒక్కో తీరు.
రేపొచ్చే పురుగు ఏ గుంటలో ఇముడుతుందో
ముందు ఎవరికి తెలుసు?
అందుకే ఊళ్ళో రకరకాల చేతులుండాలి.
అందరిదీ ఒకే అరచేయి అయిన ఊరు
ఒక్క జ్వరానికి ఖాళీ.

అర్ధరాత్రి. జనరేటర్ మోత.
హార్బర్ లోంచి ఓడ ఒకటి బొంగురుగా కూసింది.
కంప్యూటర్ చెట్టు గీసింది,
పక్కకి పడుకోబెట్టిన చెట్టు, ఆకు లేదు,
కొమ్మల చివర మనుషుల పేటలు.
ఢిల్లీ నుంచి ఫోను: "కొమ్మలు విడివడ్డాయా?"
విడివడ్డాయి సార్, కాస్త.
ఆ కాస్తకే రంగులు, బొమ్మలు, పేపరు.
కొర్లమ్మకీ ఎదురింటావిడకీ ఉన్న ఎడం
ఈ పేటకీ ఆ కొండకీ ఉన్న ఎడం కన్నా పెద్దదని
చూపించే బొమ్మ ఎవరూ అడగరు.

యంత్రాన్ని సరిచూడ్డానికి
తెలిసిన నెత్తురు ఒకటి కావాలి.
నాది వేశాను.

మా నాయనమ్మ పనిమనిషికి
వేరే గ్లాసు పెట్టేది, పెరటి గోడ మీద.
మనం ఎవరితోనూ కలవని వాళ్ళం రా, అనేది.
నాకొచ్చిన రెండు వరసల్లో ఒకటి
అక్షరం పొల్లుపోకుండా
నూట పదిహేడు.

కాకతాళీయం కావచ్చు.
ఎన్ని తరాల కిందటో ఎవరో ఘాట్ దిగి ఉండొచ్చు,
ఎక్కి ఉండొచ్చు.
మళ్ళీ వేశాను. మళ్ళీ అదే.
తెల్లారేదాకా ఆ గ్లాసు ఎక్కడుందా అని ఆలోచించాను.
అటక మీదే ఉండాలి.

చెట్టు కాగితం పట్టుకుని మళ్ళీ ఇసకలోకి వెళ్ళాను.
కొర్లమ్మ దాన్ని అటు తిప్పింది, ఇటు తిప్పింది.
"సెట్టంటావేటి? వలిది.
సగం ముడులెయ్యడం మర్సిపోనాడు ఎవుడో."
ఆ తర్వాత, ఉన్నట్టుండి:
"నీ నెత్తురూ ఏసినావు కదా.
నీ కాయితంలో ఆ ఏడో గడిలో ఏటి రాసినావు?"

నాకు ఫారం ఉండదన్నాను.

"అదీ," అంది.
బుట్ట నెత్తికెత్తుకుంది.
పడవలొచ్చే వేళయింది.